గట్టు మీద త్రివేణి

జూన్ 28, నోవై

వేద వస్తానంది. నేను అడిగితే కాదు, త్రివేణి అడిగితే.

మూడేళ్ళుగా ఎక్కడికి రమ్మన్నా "ఐ యామ్ గుడ్, మీరు వెళ్ళండి" అనే పిల్ల. పోయిన వేసవిలో కొండలు చూద్దాం రమ్మని వాళ్ళ నాన్న దామోదర్ బతిమాలితే గది తలుపు కూడా తీయలేదు. ఈరోజు త్రివేణి మా వంటింట్లో నిలబడి టీ తాగుతూ పైకి వినపడేలా, "వేదా, పడవ నడుపుతవా? చుక్కాని నీ చేతికే ఇస్త" అంది. అంతే. "వెయిట్, రియల్లీ? నేను స్టీర్ చేయొచ్చా?" అంటూ మెట్లు దిగి వచ్చేసింది.

మంచిదే. ఆగస్టు ఆఖరుకి కాలేజీకి వెళ్ళిపోతుంది. వారం రోజులు కళ్ళ ముందు ఉంటుంది. సంతోషంగా ఉంది.

ఈ ప్రయాణం అసలు మా ఇద్దరిది. లాక్‌డౌన్ రోజుల్లో తను వాళ్ళింట్లో, నేను మా ఇంట్లో, ఒకేసారి ప్లే నొక్కి ఫోన్లో మాట్లాడుకుంటూ చూసేవాళ్ళం ఆ వీడియోలు. ఇంగ్లండ్ పల్లెల మధ్య సన్నటి కాలువలు, వాటి మీద రైలు పెట్టెల్లాంటి పొడుగాటి పడవలు, పైన పూలకుండీలు, లోపల కాగుతున్న టీ కెటిల్. ఎప్పటికైనా మనిద్దరం వెళ్దామే అనుకున్నాం. త్రివేణి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ లేదు, దేశం దాటితే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. ఇంగ్లండ్ అలా ఉండిపోయింది. ఈ ఏడాది తనే వెతికి పట్టుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ కాలువ మీద అచ్చం అలాంటి పడవలే వారానికి అద్దెకిస్తారట.

మేమిద్దరం అనుకున్న దాంట్లోకి మూడో మనిషిని పిలిచే ముందు నన్నొక మాట అడగొచ్చు. ఆ మూడో మనిషి నా కూతురే అయినా.

జులై 11

కెనడా మీదుగా అయితే దగ్గర. స్టాంపింగ్ గొడవ వల్ల ఒహాయో మీదుగా సరస్సు చుట్టూ తిరిగి వచ్చాం. త్రివేణి డ్రైవ్ చేసింది. ముందు సీట్లో వేద. "అమ్మా, నీకు వెనక కంఫర్టబుల్ కదా" అంది. వెనకే కూర్చున్నాను.

నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాను. నేను పడుకున్నానని తెలిస్తే ఏం మాట్లాడుకుంటారో విందామని. క్లీవ్‌లాండ్ దాటేదాకా పాటల గురించే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత నిజంగానే నిద్రపట్టింది.

జులై 12, పడవలో

ఆకుపచ్చ పడవ, ఎర్రటి అంచు. వెనక నిలబడి నడపాలి. చుక్కాని కర్ర ఎటు తోస్తే పడవ ముక్కు దానికి ఎదురు వైపుకి తిరుగుతుంది. పడవ అప్పగించిన పెద్దాయన ఎంత ఓపికగా చెప్పాడో. వేద ఒక్కసారికే పట్టేసింది. నేను పట్టుకున్న నిమిషంలోనే పడవని తీసుకెళ్ళి రేవు గోడకి కొట్టాను. లోపల గిన్నెలన్నీ గలగలమన్నాయి.

వేద పడీపడీ నవ్వింది.

"నవ్వకే. మీ అమ్మ నోవైల మంచు పడ్డప్పుడు నిన్ను స్కూల్‌కి ఎట్ల తీస్కపోయేదో నీకెర్కనా?" అంది త్రివేణి.

నన్ను వెనకేసుకొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. నా తరఫున నా కూతురితో మాట్లాడటానికి తనెందుకు?

ముందు గదిలో రెండు పక్కలు, వెనక గదిలో ఒకటి. తల్లీకూతుళ్ళం ముందు గదిలో అనుకున్నాను. దుప్పట్లు కూడా పరిచాను. వేద వచ్చి నా దిండు తీసి వెనక గదిలో పెట్టింది. "అమ్మా, నువ్వు గురక పెడతావ్. సారీ."

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి వేద చదవలేదు. త్రివేణి చదవగలదు. అందుకని దిండు కింద.

జులై 13

ఈరోజు లాక్‌లు దాటాం. ఎత్తయిన గోడల మధ్య ఇరుకు తొట్టిలోకి పడవని పోనిస్తే వెనక తలుపులు మూసి నీళ్ళు వదులుతారు. నీళ్ళతోపాటు పడవ లేస్తుంది. పడవ అటూ ఇటూ కొట్టుకోకుండా గోడకి వేలాడే తాళ్ళు పట్టుకుని నిలబడాలి. ముందు తాడు నాది, వెనక తాడు వేదది, చుక్కాని త్రివేణిది. తడి గోడ, నాచు వాసన, చేతుల్లోంచి జారిపోతున్న తాడు. మెల్లగా చీకట్లోంచి ఎండలోకి లేచాం. ఎవరితోనైనా చెప్పాలనిపించి వెనక్కి తిరిగాను.

వాళ్ళిద్దరూ ఒకళ్ళ అరచేతిలో ఒకళ్ళు కొట్టుకుంటున్నారు.

సాయంత్రం నేను దోసకాయ పప్పు చేశాను. కుక్కర్ కూతకి ఒడ్డున చేపలు పట్టే ఆయన ఉలిక్కిపడి చూశాడు. త్రివేణి ఊరికే కూర్చోలేక మూకుడులో సర్వపిండి తట్టింది. వేద మూడొంతులు అదే తింది. ఇంట్లో బియ్యప్పిండితో ఏం చేసినా ముట్టుకోదు. "అమ్మా, దిస్ ఈజ్ సో గుడ్. నువ్వెప్పుడూ చేయవేంటి?"

పప్పు మిగిలింది. రేపు నేనే తింటాను.

జులై 14

ఏమీ జరగలేదు. బాతులు.

జులై 15

రాయాలో వద్దో.

మధ్యాహ్నం కాలువ పక్కన ఓ చిన్న ఊళ్ళో ఆపాం. నేను స్నానాల గదికి వెళ్ళి తడి జుట్టుతో తిరిగొస్తుంటే పడవ కిటికీ తీసి ఉంది. లోపల ఇద్దరి గొంతులు. వేద ఇంగ్లిష్‌లో ఏదో గబగబా అంది, అర్థం కాలేదు. త్రివేణి మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

"మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. ట్రిప్ కానియ్యి. నీకు దండం పెడత."

నేను రేవు మీదే నిలబడిపోయాను. నీళ్ళు కారుతున్న జుట్టుతో. తర్వాత చెప్పుల చప్పుడు గట్టిగా చేస్తూ ఎక్కాను. ఇద్దరూ చప్పున సర్దుకున్నారు. త్రివేణి "టీ పెట్టాల్నా?" అంది. వేద ఫోన్ చూసుకుంటోంది.

ఏమిటది? అబ్బాయా? కాలేజీ మానేస్తుందా? ఒంట్లో బాగాలేదా? ఏదైనా సరే, నా కూతురు సంగతి నాకు చెప్పొద్దని నా స్నేహితురాలు నా కూతురితో అంటోంది.

దామోదర్‌కి ఫోన్ చేశాను. "వేద నీకేమైనా చెప్పిందా" అని అడిగితే, "అంతా బానే ఉంది కదా, ఎంజాయ్ చేయండి" అన్నాడు.

అడిగేస్తాను. రేపు పొద్దున్నే అడిగేస్తాను.

అడగను. వాళ్ళే చెప్పాలి.

జులై 16, సాయంత్రం

ఇవాళ నేను త్రివేణిని వదిలేసి వెళ్ళిపోయాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పొద్దున వేద ఇంకా పడుకునే ఉంది. ఆల్బియన్ ఊరు దాటాక వంతెన పక్కన చిన్న రేవు కనిపించింది. గట్టెక్కితే రోడ్డు వారన బల్ల వేసి చెర్రీలు అమ్ముతున్నారని బోర్డు. త్రివేణి పడవ కట్టేసి, "ఇప్పుడే వస్త. చాయ్ పొయ్యి మీద పెట్టు" అని దిగి వెళ్ళింది. ఏమీ జరగనట్టు పాట పాడుకుంటూ వెళ్ళింది.

నేను ముందు తాడు విప్పాను. వెనక తాడు విప్పాను. ఎందుకు విప్పుతున్నానో తెలియలేదని రాయబోయాను. తెలుసు. ఒక్క గంట, నా కూతురూ నేనూ మాత్రమే ఉండాలి ఆ పడవలో. వేద లేచి చూసేసరికి చుక్కాని దగ్గర నేనుండాలి.

ఇన్నాళ్ళూ నా మాట వినని పడవ ఇవాళ విన్నది. గోడకి తగలకుండా రేవు వదిలింది. నడి కాలువలోకి వచ్చాం. అటూ ఇటూ ఆపిల్ తోటలు, ఎండ, నీళ్ళ మీద సన్నగా ఇంజన్ చప్పుడు. కాసేపు చాలా బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది.

అప్పుడు వెనక నుంచి కేక. "చంద్రికా! ఏయ్ చంద్రికా!"

కాగితం సంచీ గుండెకి అదుముకుని గట్టు మీద పరుగెత్తుకొస్తోంది. కాలువ పొడుగునా గట్టు మీద నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ దారి ఉంది. కాసేపటికే నాకు సమానంగా వచ్చేసింది. పరుగు ఆపి నడక మొదలుపెట్టింది, అయినా సమానంగానే ఉంది. ఆ వీడియోల్లో మాకు నచ్చింది అదే, ఈ పడవ వేగం మనిషి నడక కన్నా కాస్తే ఎక్కువ. పారిపోవడానికి పనికొచ్చేది కాదు. ఇంకొంచెం వేగం పెంచొచ్చు. ఒడ్డున ఎవరో గాలం వేసుకుని కూర్చున్నారని పెంచలేదు. వాళ్ళని దాటాక కూడా పెంచలేదు.

"ఏందే, ఇంజన్ ఆగుతలేదా?" అంది రొప్పుతూ.

"ఆగుతుంది. నేనే ఆపట్లేదు."

కొంతదూరం పక్కనే నడిచింది. ఎదురుగా సైకిళ్ళ మీద ఓ ముసలి జంట వచ్చి "బ్యూటిఫుల్ మార్నింగ్!" అన్నారు. ఇద్దరం నవ్వుమొహాలు పెట్టి "యెస్, బ్యూటిఫుల్" అన్నాం. వాళ్ళు వెళ్ళాక మొహాలు మళ్ళీ మామూలే.

"ఏమైందో చెప్పు," అంది త్రివేణి.

"నువ్వు చెప్పు. మీ అమ్మకి చెప్పకు అంటావా? నా కూతురితో? ఏం దాస్తున్నారు మీరిద్దరూ? అది నా కూతురే త్రివేణీ. నాకు ఒక్కతే ఉంది. దాని పాటలు నీకు తెలుసు, దాని ఫ్రెండ్స్ నీకు తెలుసు, దాని ఏడుపు నీకు తెలుసు. నాకేం మిగిల్చావు? దాని బట్టలు ఉతకడమా?"

అంత గట్టిగా నా గొంతు నేనెప్పుడూ వినలేదు. నీళ్ళ మీద మాట బాగా వినపడుతుంది.

త్రివేణి ఆగిపోయింది. పడవ కాస్త ముందుకొచ్చేసింది. మళ్ళీ నడిచి నన్ను కలుసుకుంది.

"అది వేద ముచ్చట కాదు. నా ముచ్చట. నా జాబ్ పోయింది చంద్రికా. మే నెలల్నే పోయింది."

నేను పూర్తిగా గట్టు వైపు తిరిగిపోయాను.

"ఒక్కటే దొరికింది, బెంటన్‌విల్‌ల. వీసా ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేసిన్రు. వచ్చే నెల పోతున్న."

బెంటన్‌విల్. ఆర్కాన్సా. నోవై నుంచి కార్‌లో ఒక రోజు పూర్తిగా పడుతుంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది. "దామోదర్‌కి ఒక్క మాట చెప్తే వాళ్ళ ఆఫీస్‌లో ఎవరినైనా..."

"గిందుకే!" అని అరిచింది. చెర్రీల సంచీ నేలకేసి కొడుతుందేమో అనుకున్నాను. "గిందుకే చెప్పలే నీకు. చెప్తే నువ్వు అన్నకి చెప్తవ్, అన్న పది మందికి ఫోన్లు చేస్తడు, పొద్దుమూకేసరికి నోవై అంత తెలుస్తది. అందరు నా రెజ్యూమె అడుగుతరు. నాకు రెజ్యూమె ఇచ్చే ఓపిక లేకుండె. ఏడ్సే ఓపికే ఉండె."

"వేదకి చెప్పావుగా."

"చెప్పలే. లైబ్రరీ పార్కింగ్‌ల కార్‌ల కూసొని ఏడుస్తుంటే చూసింది. తలుపు తీసి పక్క సీట్ల కూసుంది. ఏం అడగలే. నేను ఆపేదాక కూసుంది. గంతే."

అప్పుడు పడవ దేనికో తగిలింది. ముందు చూడటమే మానేశాను. ఎదురుగా లిఫ్ట్ బ్రిడ్జి. రోడ్డు ఇంకా కిందకే ఉంది. రేడియోలో ముందుగా అడిగితేగానీ పైకి లేపరు. నేను అడగలేదు, అడగడం రాదు కూడా. పడవ ముక్కు గట్టు రాళ్ళకి గీసుకుంటూ ఆగింది.

వేద బయటికొచ్చింది, నిద్ర కళ్ళతో. గట్టు మీద త్రివేణిని చూసింది. నన్ను చూసింది. విప్పిన తాళ్ళు చూసింది. ఎక్కడిదాకా విన్నదో తెలియదు.

"అమ్మా, దిగు."

"వేదా, నేను..."

"నువ్వు దిగు. ఆంటీతో నడువు. బోట్ నేను తెస్తా."

"ఒక్కదానివే ఎలా..."

"ఫోర్ డేస్ నేనే కదా చేసింది!" అంటూనే రేడియో తీసి వంతెన మీద ఆయనతో మర్యాదగా మాట్లాడింది. పేరు, ఎటు వెళ్తున్నాం, అన్నీ. గంట మోగింది. రెండు కార్లు ఆగాయి. వంతెన మొత్తం ఉన్నదున్నట్టే పైకి లేచింది. నేను గట్టు మీదకి దూకాను. మోకాలు గీరుకుంది. త్రివేణి చెయ్యి ఇవ్వలేదు.

మెడైనా దాకా నడిచాం. కాలువలో పడవ, మా పక్కనే, చుక్కాని దగ్గర వేద, మా వైపు చూడకుండా.  తర్వాత త్రివేణే మొదలుపెట్టింది. మీటింగ్‌కి పిలిచి పది నిమిషాల్లో ఎలా తేల్చేశారో, లాప్‌టాప్ ఎలా ఆగిపోయిందో, రోజూ ఆఫీస్‌కి వెళ్తున్నట్టే తయారై ఎక్కడెక్కడ కూర్చుందో. ఆ రోజుల్లోనే ఓ శనివారం మా ఇంటికొచ్చి నా చేత పూరీలు వేయించుకు తింది. నాకేమీ తెలియలేదు. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ కంపెనీలో ఎవరున్నారో చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. అంత కష్టమైన పని ఈ మధ్య చేయలేదు.

ఇన్ని రోజులూ వేద కోసం కుళ్ళుకుంటున్నాననుకున్నాను. సగమే నిజం. ఆ కార్‌లో పక్క సీట్లో కూర్చోవాల్సింది నేను. కూతుర్ని చూసి కుళ్ళుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఉంది, ఈరీ గట్టు మీద చెర్రీలు తింటూ నడుస్తోంది.

"నన్ను ఇడిచిపెట్టి పోయినవ్," అంది త్రివేణి, ఊరు కనిపిస్తుండగా. "నేను మర్చిపోను, చెప్తున్న."

"మర్చిపోవద్దు. బెంటన్‌విల్‌లో అందరికీ చెప్పు."

"చెప్త. పడవ ఎక్కిస్త అని పిలిచి నడిపించిందని చెప్త."

నవ్వింది. పూర్తిగా కాదు.

జులై 17

వేద నాతో మాట్లాడలేదు. త్రివేణితో కూడా తక్కువే. నా పరిస్థితే త్రివేణికీ వచ్చినందుకు కొంచెం హాయిగా అనిపించింది. ఇది రాయకూడదు.

జులై 18

తిరుగు ప్రయాణం. త్రివేణి లోపల పడుకుంది. వేద చుక్కాని దగ్గర, నేను పక్కన స్టూలు మీద.

"అమ్మా, నువ్వు రియల్‌గా ఆంటీని వదిలేసేదానివా?"

"లేదు."

"దెన్ వై?"

"నువ్వు నాకేమీ చెప్పవు వేదా. అన్నీ తనకే."

పడవని ఒక వంపు తిప్పేదాకా ఆగి అంది. "నువ్వు అడగవు అమ్మా. నువ్వు చెక్ చేస్తావ్. తిన్నావా, ఫామ్ పంపావా, కార్‌లో గ్యాస్ ఉందా. ఆంటీ ఏం అడగదు. సో నేను చెప్తా."

ఏమీ అడగకుండా కూర్చోవడానికి ప్రయత్నించాను. కొంతదూరం అలాగే వెళ్ళాం. వేద కూడా ఏమీ చెప్పలేదు. చివరికి నేనే, "ఆకలేస్తోందా?" అన్నాను.

వేద నా వైపు చూసింది. నాలుక కరుచుకున్నాను. అప్పుడు ఇద్దరం నవ్వాం.

ఆగస్టు 3, నోవై

త్రివేణి వెళ్ళిపోయింది. పెట్టెలన్నీ దామోదరే ట్రక్కులోకి ఎక్కించాడు. నేను వీధి మలుపు దాకా పక్కనే నడిచాను. ట్రక్కు పడవ కాదు.

ఆగస్టు 24

వేదని చికాగోలో దింపి వచ్చాం. దామోదర్ దారంతా రేడియో పెట్టలేదు. ఇల్లు చల్లగా ఉంది.

సెప్టెంబర్ 7

పొద్దున వేద తనంతట తనే ఫోన్ చేసింది. క్లాసుల గురించి కాస్త, రూమ్మేట్ గురించి కాస్త. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "త్రివ్ ఆంటీ నీతో మాట్లాడుతుందా?" అంది.

"ఎందుకు?"

"జస్ట్ అడుగుతున్నా. నేను టెక్స్ట్ చేస్తే హార్ట్ పెడుతుంది, అంతే. కాల్ చేయట్లేదు. నీకు చేస్తుందా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. వేసవంతా నాలో వినపడిన గొంతే.

త్రివేణి నాకు రోజూ చేస్తోంది. అక్కడి ఆఫీస్‌లో ఎవరూ మాట్లాడరని, అపార్ట్‌మెంట్‌లో ఇంకా పెట్టెలు విప్పలేదని, ఆదివారాలు గడవట్లేదని. నేను వింటున్నాను. సలహాలు ఇవ్వట్లేదు. ఒకటో రెండో ఇచ్చుంటాను. నిన్న చాలాసేపు ఏడ్చింది. నా దగ్గర ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక నాకు ఎంత గర్వంగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది.

"అప్పుడప్పుడూ చేస్తుంది," అన్నాను వేదతో. "కొత్త జాబ్ కదా, బిజీగా ఉంటుంది."

"ఓ. ఓకే," అంది.  నేనేమీ అడగలేదు. కాసేపటికి, "అమ్మా, ఇక్కడ లంచ్ ఒక్కదాన్నే తింటున్నా," అంది.

ఎవరితో కూర్చోవాలో, ఏ క్లబ్‌లో చేరాలో చెప్పలేదు. ఊఁ అన్నాను. చెప్పుకుంటూ పోయింది. చివర్లో గొంతు తేలికపడింది. అది నాతో మాట్లాడటం వల్లే అనుకుందామని నాకూ ఉంది. కానీ పెట్టేసే ముందు మళ్ళీ, "ఆంటీకి నేను అడిగానని చెప్పకు, ఓకే?" అంది.

కాసేపు ఇల్లంతా తిరిగాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు. ఎంత బాగుంటుంది.

త్రివేణికి ఫోన్ చేశాను. "వేద ఒక్కతే కూర్చుని తింటోందట. నీ గురించి అడిగింది. దానికి ఫోన్ చెయ్యవే."

"నేను ఏడుస్తనేమో చంద్రికా. పిల్ల ముందట ఏడ్వొద్దని చేస్తలేను."

"ఏడిస్తే ఏడువు. దానికి అలవాటే కదా."

"ఇప్పుడే చేస్త," అంది.

అరగంట ఆగి వేదకి చేశాను. బిజీ. త్రివేణికి చేశాను. బిజీ.

చెయ్యమన్నది నేనే. అయినా, ఏం మాట్లాడుకుంటున్నారో.